కొత్త బండి, పొంగిన రంగు: ఉప్పునీళ్ల మీద నెట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చేపలు, రొయ్యల లోడ్లు తోలుకుంటాను. పదేళ్లు వేరేవాళ్ల బండి నడిపి, ఏడు నెలల కిందట ఫైనాన్సులో సొంతంగా కొత్త బండి తీసుకున్నాను. క్యాబిన్, ఛాసిస్ కలిపి 17 లక్షల చిల్లర. వెనక బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కట్టించాను. మూడో నెలలోనే ఎడమ తలుపు కింది అంచున రంగు బొబ్బలు కట్టింది. షోరూంవాళ్లు రెండు రోజులు పెట్టుకుని డబ్బులు తీసుకోకుండా మళ్లీ రంగు వేసిచ్చారు. ఎండలో నిలబెడితే ఆ తలుపు ఒక రంగు, మిగతా క్యాబిన్ ఒక రంగు. ఇప్పుడు కుడి తలుపు కింద, టాపు మీద వాన నీళ్లు జారే గాడి వెంబడి అవే బొబ్బలు. మా ఊరి పెయింటరు టాపు మీద ఒకటి గీకి చూస్తే అడుగున తుప్పు. షోరూంకి వెళితే 'రంగుకి వారంటీ లేదు, మీరు చేపల లోడు తోలతారు, ఉప్పునీళ్లకి పోయింది' అంటున్నారు. బండి వాళ్ల దగ్గరే వదిలేసి కొత్తది ఇమ్మని కేసు వేయొచ్చా? వాయిదాలు ఆపేయొచ్చా? మా బావమరిది అప్పుడప్పుడు నడుపుతాడు, దానివల్ల ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ముందు వాయిదాలు ఆపడం, బండి వదిలేయడం అన్న రెండు ఆలోచనలూ మానుకోండి. వాయిదాలు ఆపొద్దు. మీకు అప్పిచ్చినవాడు వేరు, బండి అమ్మినవాడు వేరు. రంగు బాగాలేదని అప్పు ఆగదు. మూడు వాయిదాలు తప్పితే బండి లాక్కెళతారు, సిబిల్ చెడుతుంది, ఆ తర్వాత మీ కేసులో చూపించడానికి బండే ఉండదు. అలాగే బండి తీసుకెళ్లి షోరూం ముందు వదిలేసి రావద్దు. ఇంజను, గేరుబాక్సు బాగా ఉండి నడిచే బండిని నిలబెట్టుకుని నష్టం పెంచుకుంటే, ఆ పెరిగిన నష్టం మీదేనంటారు. పైగా పార్కింగ్ చార్జీలని వాళ్లే మీకు బిల్లు పంపిన కేసులు నేను చూశాను.

బావమరిది సంగతి. కంపెనీ వకీలు మొదట పట్టుకునేది దీన్నే. 'ఇది లారీ, కిరాయికి తిప్పుతున్నాడు, వ్యాపారం కోసం కొన్నాడు, కాబట్టి వినియోగదారుడే కాడు' అంటాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వ్యాపారం కోసం కొన్నవాళ్లని పక్కన పెట్టిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని తానే వాడుకునేవాణ్ని ఆ మినహాయింపులోంచి బయటికి తీసింది కూడా ఆ సెక్షనే. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు లారీనే ఉదాహరణగా చెప్పింది. తానే తోలుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు అంది. బండి పూర్తిగా వేరేవాళ్ల చేతికిచ్చి తిప్పించేవాడికి మాత్రం ఇది వర్తించదు. కాబట్టి ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి: ఉన్నది ఈ ఒక్క బండే, నడిపేది నేనే, ఇల్లు గడిచేది దీనిమీదే, బావమరిది సాయానికి వస్తాడు. మీ హెవీ లైసెన్సు కాపీ జతచేయండి. చాలామంది ఈ నాలుగు ముక్కలూ రాయక మొదటి మెట్టు మీదే జారిపడతారు.

ఇక అసలు విషయం, ఉప్పునీళ్లు. నేనూ ఆ వైపు వాణ్నే. ఐసు కరిగిన నీళ్లు ఎక్కడ కారతాయో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బాడీ వెనక తలుపు సందులోంచి, ఛాసిస్ మీదికి, వెనక చక్రాల మీదికి. అవి క్యాబిన్ ఎక్కి టాపు మీద గాడిలో కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. రేపు మీ కేసు నిలబడేదీ, పడేదీ ఈ ఒక్క ప్రశ్న మీదే: తుప్పు బయటి నుంచి లోపలికి వెళ్లిందా, లోపలి నుంచి బయటికి వచ్చిందా?

దీన్ని మీరే చూడొచ్చు. రాయి తగిలి రంగు లేచిన చోట నడిమధ్యన చిన్న గుంట కనిపిస్తుంది, తుప్పు అక్కడ మొదలై చుట్టూ పాకుతుంది. అది వారంటీ కిందికి రాదు, దాని గురించి పోట్లాడొద్దు. మీరు చెప్పిన బొబ్బ వేరు. పైన రంగు చెక్కుచెదరకుండా నున్నగా ఉండి, కింద నుంచి పొంగింది. ఫ్యాక్టరీలో రేకుని కడిగి, ఫాస్ఫేటు పూత ఇచ్చి, కరెంటుతో పట్టించే ప్రైమర్‌లో ముంచి, ఆపైన రంగు వేస్తారు. రేకు మడతల్లో, అతుకుల దగ్గర ఆ ముంపు సరిగ్గా పట్టకపోయినా, సీలెంటు తప్పినా తేమ అక్కడ చేరి రంగుని కింద నుంచి లేపుతుంది. తలుపు కింది అంచు మడతే, టాపు గాడి అతుకే. రెండూ అలాంటి చోట్లే కావడం మీకు మంచి సూచన. సూచనే, రుజువు కాదు.

కంపెనీ ఇంకో మాట కూడా అనొచ్చు: ఆటోనగర్‌లో బాడీ కట్టినప్పుడు క్యాబిన్ మీద వెల్డింగ్ చేశారని, టాపుకి క్యారియర్ బిగించడానికి బెజ్జాలు వేశారని. నిజంగా వేసి ఉంటే ఇప్పుడే మీ వకీలుకి చెప్పండి, కోర్టులో బయటపడితే ఇబ్బంది. వేయకపోతే బాడీ కట్టినవాళ్ల బిల్లు తీసి పెట్టుకోండి, అందులో ఏ పని చేశారో ఉంటుంది. ఆ వెనక బాడీ రంగుకి కంపెనీ జవాబుదారీ కాదు. దాన్ని ఈ ఫిర్యాదులో కలపొద్దు, కలిపితే మంచి భాగం కూడా పలచబడుతుంది.

మీకు తెలియకుండానే మీ చేతిలో ఉన్న గట్టి కాగితం మొదటిసారి ఎడమ తలుపుకి రంగు వేసినప్పటి జాబ్ కార్డు, అంటే ఏ పని చేశారో షోరూంవాళ్లు రాసిచ్చే చీటీ. రంగుకి వారంటీ లేదంటున్నవాళ్లు ఆ తలుపుకి డబ్బులెందుకు తీసుకోలేదు? ఆ కార్డులో గానీ, సున్నా బిల్లులో గానీ 'వారంటీ' అన్న మాట ఉంటే వాళ్ల వాదన సగం అక్కడే పోతుంది. కాపీ లేకపోతే లిఖితపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, అడిగినట్టు రుజువున్నా చాలు. వారంటీ పుస్తకం కూడా తెరిచి చదవండి. ఇంజనుకి ఒక గడువు, రంగుకి మరో గడువు పెట్టడం మామూలే, నెలలు, కిలోమీటర్లలో ఏది ముందైతే అది అనీ ఉంటుంది. కానీ 'రంగుకి వారంటీ లేదు' అని సర్వీస్ అడ్వయిజరు నోటితో అన్నది పుస్తకంలో అచ్చయి ఉందా లేదా అన్నదే లెక్క. ఉండనీ ఉండకపోనీ, మూడు నెలలకే తుప్పు పట్టే క్యాబిన్‌ని కొత్త సరుకని అమ్మడం 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16కి ఎదురు వెళుతుంది. సముద్రం పక్కన షోరూం పెట్టి బండ్లు అమ్మేవాళ్లు సముద్రపు గాలి సాకు చెప్పడం నాకైతే వింతగానే ఉంది.

ఇంకో కోణం ఉంది, చాలామందికి తట్టదు. బండి ఫ్యాక్టరీ నుంచి షోరూంకి వచ్చే దారిలో గీతలు పడితే, డెలివరీకి ముందే గుట్టుగా టచప్ చేసి అమ్మేస్తుంటారు. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు పాత బండ్లు కొని అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. చాలా బండ్లకి ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. మళ్లీ వేసిన చోట అది 200, 300 దాటుతుంది, పుట్టీ పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. ఎడమ తలుపు లెక్క ఎలాగూ పెరుగుతుంది, దాన్ని వదిలేయండి. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదనుకుంటున్న కుడి తలుపుకీ టాపుకీ పెట్టి చూడండి. అక్కడ కూడా 300 చూపిస్తే కథ మారిపోతుంది. అప్పుడది రంగు లోపం ఒక్కటే కాదు, దెబ్బతిన్న బండిని కొత్తదని అంటగట్టిన అనుచిత వ్యాపారం. అది నేరుగా డీలరు మెడకి చుట్టుకుంటుంది. రీడింగు కనపడేలా, బండి నంబరు కూడా పడేలా వీడియో తీయండి. తీసిన ఫోను జాగ్రత్త. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే ఫొటోలు, వీడియోల మీద అభ్యంతరం చెప్పడం కష్టం.

ప్రతివాదులుగా షోరూంనీ కంపెనీనీ ఇద్దరినీ పెట్టండి, కానీ ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయండి. డీలరు తప్పుకి కంపెనీ దానంతట అదే బాధ్యురాలు కాదని 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాబిన్‌కి ఫ్యాక్టరీలో పట్టించిన పూత కంపెనీ లెక్క. రంగు కలవకుండా వేసిన తలుపు షోరూం లెక్క.

కొత్త బండి వస్తుందా అంటే, ఆశ పెట్టుకోవద్దు. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు మాట ఏమిటంటే, వారంటీ లోపమున్న భాగాన్ని మార్చడం వరకే ఉన్నప్పుడు మొత్తం బండే మార్చమనలేం. రంగు పోయిన బండి నడుస్తుంది, అందులో సందేహం లేదు. మీరు అడగాల్సింది వేరే: క్యాబిన్ మొత్తం రేకు దాకా గీకి, తుప్పు తీసి, ప్రైమర్ నుంచి మళ్లీ రంగు వేయడం, ఆ పనికి విడిగా రాతపూర్వక హామీ, బండి ఆగిన రోజులకి పోయిన కిరాయి, అమ్మకం విలువ తగ్గినందుకు కొంత, మనోవేదన, ఖర్చులు. పోయిన కిరాయికి నోటి లెక్కలు పనికిరావు. ట్రిప్పు చీటీలు, చేపల కంపెనీ నుంచి ఖాతాలో పడిన డబ్బులు, డీజిలు బిల్లులు తీయండి. పది లక్షలు అడిగితే రెండైనా ఇస్తారులే అన్న లెక్కతో కొందరు ఫిర్యాదు రాయిస్తారు. ఆ ఒక్క అంకెతో మిగతావన్నీ అబద్ధంలా కనిపిస్తాయి, నా మాట వినండి.

యూట్యూబులో 'ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కింద కోట్లు అడగొచ్చు' అని చెప్పేవాళ్లున్నారు. ఆ దారి మీది కాదు. వస్తువుకే జరిగిన నష్టాన్ని 2019 చట్టం సెక్షన్ 2(22) ఆ లెక్కలోంచి తీసేసింది. లోపమున్న సరుకు, సేవాలోపం, ఈ రెండింటి మీదే వెళ్లండి.

ఎక్కడ వేయాలన్నది సులువు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్. షోరూం పక్క జిల్లాలో ఉన్నా, కంపెనీ పుణెలో ఉన్నా, చెన్నైలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇదే. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకి ఫీజు 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. గడువు, ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. షోరూంవాళ్లు 'వచ్చే నెల చూద్దాం' అంటూ తిప్పుతుంటే గడువు ఆగిపోదు.

కేసుకి ముందు ఒక ఉత్తరం రాయండి, షోరూంకి ఒకటి, కంపెనీ కస్టమర్ విభాగానికి ఒకటి, స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు ఉండేలా. ఈమెయిల్ కూడా పంపండి. తేదీలు, కిలోమీటర్లు, ఫొటోలు, 15 రోజుల గడువు. తిట్లు వద్దు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి, దాంతోనే దారికొచ్చే కంపెనీలున్నాయి. ఈలోగా 'తీసుకురండి, వేసిస్తాం' అంటే వెళ్లండి, కాదనొద్దు. కానీ జాబ్ కార్డు మీద ప్రతి బొబ్బా ఎక్కడుందో రాయించండి. పని అయ్యాక 'పూర్తి సంతృప్తి' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. నా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను అని తెలుగులోనే రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ కాగితం ఫొటో తీసి, అదే మాట వాట్సాప్‌లో పంపండి.

కేసు పడ్డాక పరీక్ష సంగతి వస్తుంది. శాంపిల్‌ని ల్యాబుకి పంపే అధికారం 2019 చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కి ఉంది. లారీని సీసాలో పెట్టి పంపలేం కాబట్టి, నిపుణుణ్ని పంపి క్యాబిన్ చూపించమని అర్జీ మీరే వేయండి. ఖర్చు మొదట మీ జేబులోంచే. అందుకే అప్పటిదాకా మీరుగా బయట రంగు వేయించొద్దు, వేయిస్తే చూడటానికి ఏమీ మిగలదు. పరీక్ష ఉన్న కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఏడాది దాటినా ఆశ్చర్యపోకండి.

మీ పెయింటరు గీకిన ఆ ఒక్క చోటు ఏం చేయాలో అడగలేదు గానీ, అదీ చెప్తాను. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, దాని మీద పలచగా గ్రీజు రాయండి. నీళ్లు దిగవు, తుడిస్తే పోతుంది, నిపుణుడు వచ్చినప్పుడు కింద ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకో బొబ్బని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.