రెండు రోజుల్లో ‘సెలెక్ట్’ చేసే సదస్సుకి డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది తెనాలి, బట్టల కొట్టు నడుపుతాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.ఏ. లింగ్విస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. తెలుగులో ‘రెండు రెండు’, ‘రెండేసి’ అనే మాటల మీద టర్మ్ పేపర్ రాసింది. బ్యాంకాక్‌లో జరిగే అంతర్జాతీయ సదస్సు అంటే దానికి పంపింది. రెండు రోజుల్లోనే సెలెక్ట్ అయిందని మెయిల్ వచ్చింది. వారంలోగా 350 డాలర్లు కట్టాలట. ఆ సర్టిఫికెట్ ఉంటే పీహెచ్‌డీ సీటు సులువుగా వస్తుందని తోటి పిల్లలు అంటున్నారట. కట్టమంటారా? అసలు మనం రోజూ మాట్లాడే మాటల మీద సదస్సులేమిటో నాకు అర్థం కావడం లేదు. రేపు వేరే ఊళ్లో సదస్సు అంటే నేను తోడు వెళ్లాలా?

జవాబు: కట్టకండి. మీకు వారమే గడువు ఉంది కాబట్టి ఈ మాట ముందు చెప్పేస్తున్నాను.

భాషాశాస్త్రంలో పేరున్న ఏ సదస్సైనా రెండు రోజుల్లో జవాబు ఇవ్వదు. విద్యార్థి పంపిన ఆబ్‌స్ట్రాక్ట్‌ని, అంటే ఒకటి రెండు పేజీల సారాంశాన్ని, ఆ అంశం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతారు. రాసింది ఎవరో వాళ్లకి తెలియదు, చదివింది ఎవరో విద్యార్థికి తెలియదు. వాళ్లు చదివి, మార్కులు వేసి, అభిప్రాయం రాసి పంపాక నిర్వాహకులు కూర్చుని ఎంపిక చేస్తారు. దీనికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. రెండు రోజుల్లో వచ్చిన అంగీకారం అంటే మీ అమ్మాయి రాసింది ఎవరూ చదవలేదని అర్థం.

అనుమానం ఉంటే ఆ సదస్సు ప్రకటనని ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి. ఇంజినీరింగ్, మెడిసిన్, మేనేజ్‌మెంట్, భాషాశాస్త్రం అన్నీ ఒకే సదస్సులో ఉన్నాయా? ఏ యూనివర్సిటీ నిర్వహిస్తోందో రాశారా? ఎంపిక చేసేవాళ్ల పేర్లు, వాళ్లు పనిచేసే చోటు ఇచ్చారా? పోయిన ఏడాది ఎవరెవరు ఏ అంశం మీద మాట్లాడారో కార్యక్రమం దొరుకుతోందా? ఇవేవీ లేకుండా ఫీజు, హోటల్ వివరాలు మాత్రం స్పష్టంగా ఉంటే దాన్ని వదిలేయండి. అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. ఇలాంటి మెయిళ్లు ఎంతో గౌరవంగా, నమ్మకం కలిగేలా రాసి ఉంటాయి. మొదటిసారి పంపిన పిల్లలు సంబరపడటం సహజం.

ఇక రోజూ మాట్లాడే మాటల మీద సదస్సులేమిటన్నారు. మీ అమ్మాయి ఎంచుకున్న అంశం నాకు చాలా నచ్చింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ‘పిల్లలకి రెండేసి లడ్లు ఇచ్చింది’ అంటే ఒక్కొక్కరికి రెండు అని మనకి తెలుసు. ‘వాడు రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు’ అన్నప్పుడు అక్కడున్నది ఒక్కడే. మరి ఆ రెండు ఎవరెవరికి పంచినట్టు? మనుషులకి కాదు, వేసే ప్రతి అడుగుకి. అంటే తెలుగు వ్యాకరణం మనుషుల మీదే కాక సమయం మీద కూడా అంకెని పంచగలదు. ప్రపంచ భాషలన్నీ ఈ పని ఒకేలా చేస్తాయా అన్నది భాషాశాస్త్రంలో పెద్ద ప్రశ్న. తెలుగులో ‘రెండు రెండు’ అని అంకెని రెండుసార్లు చెప్పే పద్ధతి మీద ఒక పరిశోధన ఉత్తర అమెరికాలో ఏటా జరిగే నార్త్ ఈస్ట్ లింగ్విస్టిక్ సొసైటీ సదస్సు సంపుటంలో 2006లో అచ్చయింది. ఈ సదస్సుని నెల్స్ అంటారు. అలాస్కా వైపు మాట్లాడే ట్లింగిట్ అనే భాష మీద పనిచేసినవాళ్లు కూడా తర్వాత ఆ తెలుగు పరిశోధనని ప్రస్తావించారు. మీ ఇంట్లో వినిపించే మాటకి అంత దూరం వెళ్లే శక్తి ఉంది.

కాబట్టి అంశంలో లోపం లేదు. పంపిన చోటే సరైనది కాదు. మరి ఎక్కడికి పంపాలి?

తన స్థాయికి ముందు స్కోన్లీ బాగుంటుంది. భాషాశాస్త్ర విద్యార్థుల కోసమే జరిగే సదస్సు ఇది, ఒక్కోసారి ఒక్కో యూనివర్సిటీ నిర్వహిస్తుంది. వినేవాళ్లలో ఎక్కువమంది తన వయసువాళ్లే కాబట్టి భయం తగ్గుతుంది. ఆ తర్వాత మన దేశంలో పెద్దది లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ల సదస్సు. ఆ సంస్థ 1928లో లాహోర్‌లో పుట్టింది, ఇప్పుడు పుణెలోని డెక్కన్ కాలేజీ కేంద్రంగా నడుస్తోంది. ద్రావిడ భాషల మీద పని అయితే తిరువనంతపురంలోని ద్రవిడియన్ లింగ్విస్టిక్స్ అసోసియేషన్ 1971 నుంచి నడుపుతున్న అఖిల భారత సదస్సు ఉంది. అక్కడ తమిళం, కన్నడం, మలయాళం మీద పనిచేసేవాళ్లు ఉంటారు. ‘మా భాషలో ఇది ఇలా ఉండదే’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మీ అమ్మాయి అంశానికి ఆ ఒక్క మాట నెల రోజుల చదువుతో సమానం. దక్షిణాసియా భాషలకే ప్రత్యేకించిన సాలా, ఫాసల్ అనే రెండు అంతర్జాతీయ సదస్సులు కూడా ఉన్నాయి. ఫాసల్‌లో వాక్యనిర్మాణం, అర్థం లాంటి అంశాలని సిద్ధాంతపరంగా చూస్తారు. పేపర్ బాగా పదును తేలాక అక్కడికి పంపవచ్చు. వీటి ప్రకటనలు, గడువులు లింగ్విస్ట్ లిస్ట్‌లో చూసుకోవచ్చు. 1990 నుంచి భాషాశాస్త్రం వాళ్లంతా చూసే చోటు అది.

వీటిలో చాలావాటికి ఆబ్‌స్ట్రాక్ట్ పంపడానికి డబ్బు అక్కర్లేదు. కొన్ని సంస్థలు సభ్యత్వం అడుగుతాయి. ఎంపికయ్యాక రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది, విద్యార్థులకి అది తక్కువే. అంటే మీరు పెట్టాల్సిన ఖర్చు కంటే తను పెట్టాల్సిన శ్రమ ఎక్కువ. ఆ శ్రమంతా ఆబ్‌స్ట్రాక్ట్ మీదే. ఇక్కడి నుంచి అమ్మాయికి చెబుతున్నాను, తనకి చూపించండి.

అమ్మా, తెలుగు విద్యార్థుల ఆబ్‌స్ట్రాక్టులు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. ఎక్కువమంది ‘తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ ఉపకుటుంబానికి చెందిన భాష, కోట్లమంది మాట్లాడతారు’ అని మొదలుపెట్టి సగం పేజీ దానికే ఖర్చు చేస్తారు. చదివేవాళ్లకి అది తెలుసు. మొదటి రెండు వాక్యాల్లోనే నీ ప్రశ్న రావాలి: ‘రెండు రెండు’, ‘రెండేసి’ ఒకే అర్థం ఇస్తాయా, ఇవ్వకపోతే ఎక్కడ విడిపోతున్నాయి? ఆ వెంటనే ఉదాహరణలు ఇవ్వు. రెండూ సరిపోయే వాక్యం ఒకటి, ఒకటి సరిపోయి ఇంకోటి సరిపోని వాక్యం ఒకటి. అలాంటి జంట దొరికితే నీ ఆబ్‌స్ట్రాక్ట్ సగం పూర్తయినట్టే. దొరక్కపోతే ఇంకా వెతకాలి. నీ చెవిని మాత్రమే నమ్ముకోకు. గుంటూరు వైపు చెల్లే వాక్యం వరంగల్ స్నేహితురాలికి చెల్లకపోవచ్చు, శ్రీకాకుళం అమ్మాయి ఇంకోలా అనవచ్చు. హాస్టల్లో అందరినీ అడుగు, ఎవరు ఏ జిల్లావాళ్లో రాసుకో. ఎవరి దగ్గర ఎలా సేకరించావో ఆబ్‌స్ట్రాక్ట్‌లో ఒక్క వాక్యంలో చెప్పు.

ప్రతి ఉదాహరణకీ మూడు వరసలు ఉండాలి. మొదటిది రోమన్ లిపిలో తెలుగు వాక్యం, రెండోది ఒక్కో ప్రత్యయాన్నీ విడదీసి కింద దాని పని, మూడోది ఇంగ్లీషు అర్థం. దీనికి లైప్‌జిగ్ నియమాలని ఒక పద్ధతి ఉంది, అందరూ అదే వాడతారు. తెలుగు రాని సమీక్షకుడు నీ వాదన పట్టుకోవాలంటే ఆ రెండో వరసే ఆధారం. అందులో తప్పులుంటే మిగతాదంతా బాగున్నా నమ్మకం పోతుంది. చివర్లో నీ వాదన ఏమిటో తేల్చి చెప్పు. ‘ఈ అంశాన్ని చర్చిస్తాను’ అంటే సరిపోదు, చర్చించి ఏం తేల్చావో కావాలి.

అన్ని నియమాలూ ఆ ఏడాది ప్రకటనలో ఉంటాయి: ఎన్ని పేజీలు, అక్షరం సైజు ఎంత, ఒక్కరు ఎన్ని పంపవచ్చు. చాలా చోట్ల సొంతంగా ఒకటి, ఇంకొకరితో కలిసి ఒకటి అనే పరిమితి ఉంటుంది. పేజీలో పేరు తీసేసినా పీడీఎఫ్ ఫైల్ వివరాల్లో నీ పేరు మిగిలిపోవచ్చు, అది కూడా తీసేయాలి. పంపే ముందు గైడ్‌కి ఒకసారి, భాషాశాస్త్రం చదవని స్నేహితురాలికి ఒకసారి చూపించు. ప్రశ్న ఏమిటో ఆ అమ్మాయికి అర్థమైతే నువ్వు రాసింది బాగున్నట్టే.

తిరస్కరించినా సమీక్షకుల అభిప్రాయాలు సాధారణంగా చేతికి వస్తాయి. తెలియని ఇద్దరు పండితులు నీ పని చదివి ఇచ్చిన సలహా అది, ఉచితంగా. కొన్ని మాటలు గుచ్చుకుంటాయి. రెండు రోజులు పక్కన పెట్టి, తర్వాత తీసి చదివి, సరిదిద్ది ఇంకో చోటుకి పంపు. టాక్ (వేదిక మీద ప్రసంగం) కాకుండా పోస్టర్ (పని సారాన్ని పెద్ద కాగితం మీద వేసి దాని పక్కన నిలబడి వివరించడం) ఇస్తే చిన్నచూపు చూడకు. టాక్‌కి సాధారణంగా 20 నిమిషాలు, ఆపైన పది నిమిషాల ప్రశ్నలు ఉంటాయి. పోస్టర్ దగ్గర మాత్రం ఆసక్తి ఉన్నవాళ్లు నిలబడి ఎంతసేపైనా మాట్లాడతారు, కొత్తవాళ్లకి అదే ఎక్కువ ఉపయోగం.

మళ్లీ తండ్రిగారికి. సర్టిఫికెట్‌తో పీహెచ్‌డీ సీటు వస్తుందన్న మాట నిజం కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) లాంటి చోట్ల ప్రవేశ పరీక్ష లేదా నెట్ స్కోరు, ఇంటర్వ్యూ చూస్తారు. ఇంటర్వ్యూలో ‘నీ పేపర్‌లో ఏం తేల్చావు’ అని అడుగుతారు, నిజమైన సదస్సులో ప్రశ్నలకి జవాబులు చెప్పిన పిల్లలు అక్కడ తడబడరు. విదేశాలకి దరఖాస్తు చేస్తే పరిశోధన నమూనాగా ఒక పేపర్, ప్రొఫెసర్ల ఉత్తరాలు అడుగుతారు. సదస్సు కోసం పదిసార్లు దిద్దిన పేపరే ఆ నమూనా అవుతుంది. థీసిస్ ఇచ్చేముందు రెండు సదస్సుల్లో పత్రం చదవాలన్న నియమం ఒకప్పుడు యూజీసీ నిబంధనల్లో ఉండేది, 2022 నిబంధనల్లో దాన్ని తీసేశారు. కొన్ని యూనివర్సిటీలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు. ఏమైనా కాగితం కోసం సదస్సులు తిరగాల్సిన అవసరం మాత్రం ఇప్పుడు తగ్గింది.

ఒక తేడా కూడా తెలుసుకోండి. కంప్యూటర్లకి భాష నేర్పే రంగం వైపు వెళ్తే పద్ధతి వేరు. ఐకాన్, ఏసీఎల్ లాంటి సదస్సులకి పూర్తి పేపర్ పంపాలి, ఎంపికైతే అదే ప్రచురణ కింద లెక్క. మామూలు భాషాశాస్త్రంలో సదస్సు పత్రం ఒక మజిలీ, దాన్ని పెంచి తర్వాత జర్నల్‌కి పంపుతారు. ఏది ఏదో కలిపేసుకుని పిల్లలు టెన్షన్ పడుతుంటారు.

డబ్బు విషయానికొస్తే, ఎంపికైన ఉత్తరం రాగానే ముందు యూనివర్సిటీలో ప్రయాణ సహాయం ఉందేమో డిపార్ట్‌మెంట్‌లో అడగమనండి. సదస్సు నిర్వాహకులని కూడా అడగవచ్చు, విద్యార్థులు అలా అడగడం మామూలే. విదేశీ సదస్సైతే వీసాకి నెలలు పట్టవచ్చు, ఆహ్వాన పత్రం వెంటనే తెప్పించుకోవాలి. కొన్ని సదస్సులు ఆన్‌లైన్‌లో మాట్లాడనిస్తాయి, ముందు అది చూడండి.

తోడు వెళ్లాలా అని అడిగారు. అవసరం లేదు. మన దేశంలో యూనివర్సిటీలు నిర్వహించే సదస్సుల్లో చాలాసార్లు విద్యార్థులకి హాస్టల్లోనో గెస్ట్‌హౌస్‌లోనో వసతి చూస్తారు. రిజిస్ట్రేషన్‌తో పాటే వసతి గురించి మెయిల్ రాస్తే అమ్మాయిలకి ఎక్కడ ఇస్తున్నారో ముందే చెబుతారు. తన డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకెవరు వెళ్తున్నారో కనుక్కుని, అదే రైలుకి టికెట్ తీసుకోమనండి. సాయంత్రం టీ దగ్గర, భోజనాల దగ్గర కొత్తవాళ్లతో మాట్లాడటానికి తనకి సమయం దొరకాలి. మీరు పక్కన ఉంటే తను మీకోసం త్వరగా బయటికి వచ్చేస్తుంది.

ఈ వారం చేయాల్సింది ఒకటే. బ్యాంకాక్ మెయిల్‌కి జవాబు ఇవ్వనక్కర్లేదు, బ్యాంకు వివరాలు పంపి ఉంటే మాత్రం వెంటనే బ్యాంకుకి చెప్పండి.