రూబీలో ఎర్రర్ వచ్చిందని కోర్సు మార్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. సొంతంగా రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. రెండు రోజులుగా ‘అన్‌ఇనిషియలైజ్డ్ కాన్‌స్టంట్’ అనే ఎర్రర్ దగ్గరే కూర్చుంది. ఇది మాన్పించి పైథాన్‌తో ఏఐ కోర్సులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మీరు అడిగింది భాషల గురించి. భయం మాత్రం ‘మా పిల్లకు ప్రోగ్రామింగ్ వంటబట్టదేమో’ అని. ఆ భయం పెట్టుకోకండి. రూబీ నేర్చుకునేవాళ్లు చాలామంది ఆగే చోటే తనూ ఆగింది. కోడ్‌లో వాడిన పేరు రూబీకి దొరకలేదనే ఆ ఎర్రర్‌కు అర్థం.

రూబీ ఫైలును పైనుంచి కిందికి నడిపిస్తూ పోతుంది. క్లాసు అంటే ఒక రకం వస్తువుకు రాసే నమూనా, పేరెంట్ అంటే అది లక్షణాలు అందుకునే పై క్లాసు. ‘డాగ్’ క్లాసుకు పేరెంట్ ‘యానిమల్’ అని రాసిన లైను దగ్గరికి వచ్చేసరికి యానిమల్ తయారై ఉండాలి. కింద ఎక్కడో ఉంటే అక్కడే ఎర్రర్. అదే పేరు మెథడ్ (పిలిచినప్పుడే నడిచే కోడ్ ముక్క) లోపల ఉంటే, ఆ మెథడ్‌ను పిలిచేదాకా రూబీ దాన్ని వెతకదు. అందుకే వరుస తప్పినా ఒకచోట నడుస్తుంది, ఇంకోచోట నడవదు. పిల్లలు తికమకపడేది ఇక్కడే.

వరుస సరిగ్గానే ఉన్నా ఎర్రర్ వస్తోందా? అయితే క్లాసు రాసిన తీరు చూడాలి. ‘షాప్’ అనే మాడ్యూల్‌లో, అంటే పేర్లను ఒకచోట ఉంచే పెట్టెలో, ‘లిమిట్’ అనే కాన్‌స్టంట్ ఉందనుకోండి. బయట ‘క్లాస్ షాప్::కార్ట్’ అని ఒకే లైనులో తెరిచి, లోపలి మెథడ్‌లో ఉత్త లిమిట్ అని రాస్తే దొరకదు. రూబీ ముందు కోడ్ చుట్టూ తెరిచి ఉన్న క్లాసులు, మాడ్యూళ్లలో వెతుకుతుంది, తర్వాత పేరెంట్ క్లాసుల్లో, చివరికి దాదాపు అన్ని క్లాసులకూ మూలమైన ఆబ్జెక్ట్‌లో. ఒకే లైనులో తెరిస్తే షాప్ ఆ చుట్టూ ఉన్నవాటి లెక్కలోకి రాదు. ‘మాడ్యూల్ షాప్’ తెరిచి దాని లోపల ‘క్లాస్ కార్ట్’ రాయాలి, లేదా షాప్::లిమిట్ అని పూర్తి పేరు వాడాలి. క్లాసు లోపల ‘మాడ్యూల్.నెస్టింగ్’ (చుట్టూ తెరిచి ఉన్నవాటి జాబితా) ప్రింట్ చేయమనండి: మొదటి పద్ధతిలో ఒక్క పేరే వస్తుంది, రెండో దాంట్లో రెండు.

ఇక ఏఐ కోర్సు. పైథాన్‌లోనూ పేరెంట్ క్లాసు ముందు లేకపోతే పేరు దొరకలేదనే నేమ్‌ఎర్రర్ వస్తుంది, అప్పుడేం చేస్తారు? ఏఐ లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్) ఎక్కువగా పైథాన్‌లోనే ఉన్నాయి, నిజమే. ఉద్యోగాలూ అటే ఎక్కువ, రూబీవి చాలావరకు వెబ్‌సైట్లు కట్టే రైల్స్ చుట్టూనే ఉంటాయి. కానీ లైబ్రరీని పిలవడం నేర్పి, ఎర్రర్ చదవడం నేర్పని కోర్సుల మీద నాకు గట్టి అనుమానమే ఉంది. డెమో నడిచినంతసేపే ఆ ధైర్యం. పైగా మీ ప్రశ్నలో అమ్మాయి ఇష్టం గురించి ఒక్క ముక్కా లేదు. రెండు రోజులకే దారి మార్పిస్తే, కష్టమొస్తే వదిలేయడమే తనకు అలవాటవుతుంది. ముందు తనను అడగండి. ఏఐ మీద ఆసక్తి ఉందంటే పైథాన్ తర్వాత నేర్చుకోవచ్చు, ఇప్పుడు పడ్డ శ్రమ అక్కడా పనికొస్తుంది.

ఈలోగా మెసేజ్‌లోని పేరును పూర్తిగా చదవమనండి. ‘షాప్::కార్ట్::లిమిట్’ అని ఉంటే వెతుకులాట కార్ట్ లోపల మొదలైందని అర్థం. ఉత్త ‘యానిమల్’ అని ఉంటే ముందు క్లాసుల వరుస, ఆపైన వేరే ఫైళ్లను తెచ్చుకునే ‘రిక్వైర్’ లైన్లు చూసుకోవాలి.