ఇంట్లో చేసుకున్న మాగ్నెటిక్ స్టిరర్‌లో కడ్డీ ఎందుకు తప్పుకుంటోంది?

మాగ్నెటిక్ స్టిరర్ అంటే కింద తిరిగే అయస్కాంతంతో బీకరులోని చిన్న అయస్కాంతపు కడ్డీని తిప్పి ద్రవాన్ని కలిపే పరికరం. పాత కంప్యూటర్ ఫ్యాన్ మీద హార్డ్ డిస్క్ అయస్కాంతం అతికించాననీ, వేగం పెంచగానే బీకరులోని కడ్డీ పక్కకు ఎగిరి గాజుకు కొట్టుకుంటోందనీ, ఇంకా బలమైన మోటారు వేయాలా అనీ అడిగారు. వద్దు. నేనూ మొదట ఫ్యానే మార్చాను. కడ్డీ ఇంకా త్వరగా తప్పుకుంది.

చూడవలసింది కింది అయస్కాంతానికీ కడ్డీకీ మధ్య ఉన్న పట్టు. దూరం కాస్త పెరిగినా ఆ పట్టు బాగా సడలిపోతుంది. ఫ్యాన్ ఉంచిన నా పెట్టెకు 6 మిల్లీమీటర్ల చెక్క మూత ఉండేది. దాని బదులు 2 మిల్లీమీటర్ల అక్రిలిక్ పలక వేశాక, పాత ఫ్యాన్‌తోనే కడ్డీ నిలకడగా తిరిగింది. మూతకు ఇనుము వాడకండి, అయస్కాంత క్షేత్రాన్ని అదే మింగేస్తుంది. అల్యూమినియం కూడా పనికిరాదు: తిరిగే అయస్కాంతం వల్ల అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి ఫ్యాన్‌కు బ్రేకు వేస్తాయి. బీకరు అడుగు చదునుగా ఉందో లేదో కూడా చూడండి.

హార్డ్ డిస్క్ అయస్కాంతంలో ఒక సౌకర్యం ఉంది. ఒకే ముఖం మీద ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్క ముక్క చాలు. కడ్డీని దాని మీద వదిలితే ధ్రువాలు కలిసే గీతకు అడ్డంగా తనంతట తానే పడుకుంటుంది. ఆ కడ్డీ నడిమి భాగం ఫ్యాన్ ఇరుసుకు సరిగ్గా పైన ఉండాలి. విడి అయస్కాంతాలు రెండు వాడితే ఒకదాని ఉత్తరం, మరొకదాని దక్షిణం పైకి రావాలి, వాటి మధ్య ఎడం కడ్డీ పొడవుకు దగ్గరగా ఉండాలి.

అయస్కాంతాన్ని దాని ఉక్కు పలక నుంచి ఊడదీయకండి. అది పెళుసు, విరిగితే అంచులు చేతులు కోస్తాయి. పైగా ఆ పలక కిందికి పోయే క్షేత్రాన్ని చాలావరకు ఆపుతుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఈ ఫ్యాన్లలో చాలావాటికి లోపల హాల్ సెన్సార్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న భాగం, ఉంటుంది. బలమైన అయస్కాంతం మరీ దగ్గరైతే అది తికమకపడుతుంది. పలక తీసేసి అతికించినప్పుడు నా ఫ్యాన్ ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయేది. పలకతో సహా, కింద 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క పెట్టి ఎత్తాక సరిపోయింది.

అయితే ఆ పలక ఒక పక్కకు బరువుగా ఉంటుంది. ముందు రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టి, తిప్పి, పెట్టె మీద చెయ్యి వేసి అదురు చూడండి. తేలిక వైపు సోల్డరు తీగ ముక్క అంటించి, అదురు పోయాకే ఎపాక్సీతో బిగించండి. నాకు ఎక్కువ సమయం పట్టింది ఈ పనికే, కానీ దీన్ని తొందరపడి చేస్తే మిగతాదంతా వృథా.

వేగానికి చిన్న కార్బన్ పొటెన్షియోమీటరు (తిప్పి మార్చే నిరోధకం) నేరుగా పెట్టకండి, కాలిపోతుంది. 12 వోల్టుల అడాప్టరుకు, వోల్టేజీని కావలసినంతకు తగ్గించే ఎల్‌ఎం317 రెగ్యులేటరు చాలు. ఫ్యాన్ కదిలే అతి తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి, ద్రవం కడ్డీతో పాటు తిరగడం మొదలయ్యాకే నెమ్మదిగా పెంచండి. కడ్డీ తప్పుకుంటే పూర్తిగా ఆపి, అది మళ్లీ మధ్యకు వచ్చాకే తిప్పండి.