మాంటిల్ కార్డు: ఏది అసలు రూకీ?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయికి బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మతో 1952లో టాప్స్ కంపెనీ వేసిన కార్డును ‘రూకీ’ అని చూపిస్తున్నారు. కొనొచ్చా?

జవాబు: రూకీ అంటే ఆటగాడి తొలి కార్డు. మాంటిల్ రూకీ కార్డు 1951లో బౌమన్ కంపెనీ వేసిన 253వ నంబరు. 1952 టాప్స్ 311వది ఆ మరుసటి ఏడాదిది. విచిత్రమేమిటంటే, ఎక్కువ ధర పలికేది ఇదే!

ముందు స్కేలు పెట్టమనండి. అసలుది 2⅝ × 3¾ అంగుళాలు. 1983లో టాప్స్ వేసిన రీప్రింటు 2½ × 3½. అసలు కొలత కన్నా కాస్త తగ్గినా, మూలలు మరీ పదునుగా ఉన్నా అంచులు కత్తిరించారేమోనని అనుమానించాలి. అరిగిన మూలలు పోవాలనే ఆ పని చేస్తారు. తర్వాత చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేయాలి. అట్ట నీలితెలుపుగా మెరిసిందా, కొత్త కాగితమే. మెరవనంత మాత్రాన అసలుదని కాదు. గ్రేడింగ్ (కార్డు అసలుదేనా, ఎలా ఉందని నిపుణుల సంస్థ తేల్చడం) కాకుండా డబ్బు కట్టొద్దు.