అమ్మగారి గోరు కింద నల్లచార: ఈ వారమే చూపించండి

అక్కా, మిర్చి టిక్కీ (మిరపకాయల బస్తా) కాలిమీద పడి అమ్మగారి బొటనవేలి గోరు నల్లబడిందని, ఎనిమిది నెలలైనా పోలేదని రాశారు. గడ్డకట్టిన రక్తమైతే గోరుతోపాటు ముందుకు జరుగుతుంది, వెనక శుభ్రమైన కొత్త గోరు కనిపిస్తుంది. మీ ఫొటోలో చార మొదలు నుంచి కొసదాకా ఉంది. పైగా నలుపు గోరు పక్క చర్మంలోకి పాకింది, నాకు టెన్షన్ పెట్టింది అదే. దీన్ని హచిన్‌సన్ గుర్తు అంటారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని దీంతోనే తేలిపోదు, కానీ అనుమానించి తీరాలి. ఎండ తగలని అరికాళ్లలో, గోళ్ల కింద కూడా ఆ క్యాన్సర్ వస్తుంది. ఫంగస్ మందు రాస్తూ ఇంకో నెల చూడొద్దు. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) చర్మ డాక్టర్‌కు చూపించండి. డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దగా చూపే భూతద్దం లాంటిది) చూసి, అవసరమైతే గోరు మొదట్లోంచి బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క) తీస్తారు. గోరింటాకు మాత్రం పెట్టనివ్వకండి, రంగు తెలియదు.