ఉప్పు పగులుతుంది, రాగి సాగుతుంది

ప్రశ్న: పదో తరగతి రసాయన బంధం పాఠానికి పిల్లల చేత మట్టి ఉండలు, చీపురు పుల్లలతో నమూనాలు చేయించాను. అయినా సుత్తి దెబ్బకు ఉప్పు గల్లు ఎందుకు పగులుతుందో, రాగి తీగ ఎందుకు సాగుతుందో వారికి అర్థం కావడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: లోపం పుల్లలో ఉంది. అన్ని ఘనపదార్థాలకూ అదే పుల్ల గుచ్చితే బంధాలన్నీ ఒకటే అనిపిస్తాయి. ఉప్పు నమూనాలో పుల్ల పెట్టగానే ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా అణువైనట్టు భ్రమ కలుగుతుంది. నిజానికి స్ఫటికంలో ప్రతి సోడియం అయాను (విద్యుదావేశం ఉన్న కణం) చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి.

మీ ప్రాంతంలో ఎర్రటి చల్క మట్టి, నల్లరేగడి రెండూ దొరుకుతాయి కనుక రంగులు కొననక్కరలేదు. ఎర్ర ఉండ ధనావేశమున్న సోడియం అయాను, నల్ల ఉండ రుణావేశమున్న క్లోరైడ్ అనుకోండి. చల్క మట్టిలో ఇసుక పాలు ఎక్కువ. జల్లించి, కాస్త రేగడి కలిపితేనే ఉండ నిలుస్తుంది. రెండు అట్టముక్కల మీద మూడు వరుసల్లో మూడేసి ఉండలను ఎరుపు, నలుపు మార్చి మార్చి అతికించి, ఎరుపు మీద నలుపు వచ్చేటట్టు ఒక అట్టను రెండో దానిపై ఉంచండి. ఇప్పుడు పై అట్టను సరిగ్గా ఒక ఉండ మేర జరపమనండి. ఎరుపు మీదికి ఎరుపు, నలుపు మీదికి నలుపు వస్తాయి. సజాతి ఆవేశాలు వికర్షించుకుని పొరలు విడిపోతాయని అప్పుడు వేరే చెప్పే పని ఉండదు. అయితే అసలు అయాన్లు ఈ ఉండల్లా ఒకే పరిమాణంలో ఉండవు. క్లోరైడ్ వ్యాసార్ధం 0.181 నానోమీటర్లు, సోడియం అయానుది 0.102 మాత్రమే, నిమ్మకాయ పక్కన రేగుపండును ఊహించుకోమనండి.

రాగికి పళ్లెంలో గోళీలు దగ్గరగా పేర్చి, సందుల్లో జొన్నలు చల్లండి. గోళీలు రాగి అయాన్లు, జొన్నలు స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. ఒక వరుసను స్కేలుతో నెడితే గోళీలు పక్క గుంటల్లోకి జారి కుదురుకుంటాయి, జొన్నలు వాటి మధ్యకే సర్దుకుంటాయి. ఎక్కడ చూసినా పొరుగున ఉన్నవి అవే గోళీలు, అవే జొన్నలు కనుక విడిపోవలసిన అవసరం రాదు.

పుల్లలను క్వార్ట్జ్‌కు దాచుకోండి. దేవరకొండ గుట్టల గ్రానైటు రాతిలో మెరిసే ఆ ఖనిజంలో ప్రతి సిలికాన్ నాలుగు ఆక్సిజన్లతో సమయోజనీయ (ఎలక్ట్రాన్లను పంచుకునే) బంధాలు ఏర్పరుస్తుంది, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్లను కలుపుతుంది. ఆ బంధాలకు దిశ ఉంటుంది కనుక అక్కడ పుల్ల తప్పు కాదు. సిలికాన్ చుట్టూ బంధాల మధ్య ఉండే సుమారు 109.5 డిగ్రీల కోణాన్ని కొలిచే తిప్పలు పడకుండా, సమానంగా ఊదిన నాలుగు బెలూన్ల మూతులు కలిపి కట్టండి. అవే ఆ ఆకారానికి వస్తాయి.