ఇంట్లో తీసేస్తే ఆఫీసులో ఎట్లా పోయింది?

"అన్నా, ఇంట్లో ల్యాప్‌టాప్ నిండిపోయిందని పాత ఫోల్డర్లు కొన్ని డిలీట్ చేసినా. పొద్దున ఆఫీసుకు పోయి చూస్తే ఆడ కూడా లేవు. రెండూ వేరే వేరే కంప్యూటర్లు కదా, అదెట్లా?"

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక జీఎస్టీ అకౌంటెంట్ గారి ప్రశ్న ఇది. తన డెస్క్‌టాప్ తెర ఫొటో కూడా పంపారు, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇదే మొర నాకు ఎన్నోసారి వచ్చిందో లెక్క పెట్టడం మానేశాను. మొన్న పుత్తూరు నుంచి ఫొటో స్టూడియో ఆయన, అంతకు ముందు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలు చూసే ఒక అమ్మాయి. ఫైళ్లు వేరు, ఏడుపు ఒకటే.

ముందు పోయినవి తెచ్చుకోండి, మిగతాది తర్వాత చదవచ్చు. బ్రౌజర్లో మీ క్లౌడ్ ఖాతా, అంటే ఫైళ్లను నెట్‌లో దాచే గూగుల్ డ్రైవ్ లేదా వన్‌డ్రైవ్ ఖాతా తెరిచి, అక్కడి ట్రాష్ లేదా రీసైకిల్ బిన్ చూడండి. కంప్యూటర్లో ఉన్న రీసైకిల్ బిన్ చూసి లేవనుకుని వదిలేయకండి, ఫైలు నెట్‌లో మాత్రమే ఉండి మీ డిస్కులో లేకపోతే అది ఆ బుట్టలోకి రానే రాదు. గూగుల్ డ్రైవ్‌లోనైనా, వన్‌డ్రైవ్ సొంత ఖాతాలోనైనా తీసేసిన ఫైలు 30 రోజులు ఉంటుంది. ఆ తర్వాత ఎవరికి మొక్కుకున్నా దొరకదు. మీరు తీసేసి మూడు వారాలు దాటిందని రాశారు కాబట్టి ఈ పని రేపటికి పెట్టుకోవద్దు.

ఇక ఎట్లా పోయిందంటారా? కంప్యూటర్లు రెండే గాని ఫోల్డర్ ఒకటే కదా సామీ. ఒకే ఇంటికి రెండు వాకిళ్లు పెట్టుకుని, పెరటి వాకిట్లోంచి బీరువా బయటికి మోసేసి, వీధి వాకిట్లోంచి లోపలికొచ్చి బీరువా ఏదీ అని వెతికితే ఎక్కడ కనిపిస్తుంది? ఒకే ఖాతాతో రెండు చోట్లా సింక్, అంటే రెండు కంప్యూటర్లలో ఫైళ్లు వాటంతట అవే ఒకేలా ఉండే ఏర్పాటు, పెట్టుకున్నప్పుడు ఒక చోట చేసిన ప్రతి పనీ రెండో చోటా జరుగుతుంది, చెరపడంతో సహా. ల్యాప్‌టాప్‌లో చోటు కావాలంటే వన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కాలి, గూగుల్ డ్రైవ్ వాళ్లకు అదే పని 'ఆన్‌లైన్ ఓన్లీ' అనే మాటతో ఉంటుంది. పేరు కనిపిస్తూనే ఉంటుంది, పక్కన మబ్బు గుర్తు వస్తుంది, డిస్కులో చోటు మిగులుతుంది, ఆఫీసులోది కదలదు. నెట్ లేని చోట మాత్రం ఆ మబ్బు ఫైలు తెరుచుకోదు, అందుకే ఆడిట్‌కు వేరే ఊరు వెళ్లే ముందు కావలసినవి దించి పెట్టుకోండి.

చిత్తూరు అమ్మాయిది ఇంకో రకం తిప్పలు. తోతాపురి సీజన్లో తూకం చీటీలన్నీ ఒకే ఎక్సెల్‌లో ఎక్కించేవాళ్లు, ఫ్యాక్టరీలో ఒకరు, ఆఫీసులో ఒకరు. ఫ్యాక్టరీలో నెట్ పోయినా ఎక్కిస్తూనే ఉన్నారు. నెట్ వచ్చాక ఏది అసలుదో సింక్‌కు తెలియక రెండూ ఉంచింది, ఒకదాని పేరు చివర కంప్యూటర్ పేరు తగిలించి. ఒక ఫైల్లో రైతుకు 11 టన్నులు, ఇంకో దాంట్లో 14. అట్లాంటి తోక ఉన్న ఫైలు కనిపిస్తే తీసేయకుండా రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే, అడ్డదారి లేదు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఫోల్డర్‌ను సింక్‌లో పెట్టే వాళ్లకైతే దండం. అది పని నడుస్తున్నంతసేపూ రాస్తూనే ఉండే డేటాబేస్, సగం రాసిన ముక్క పైకి వెళ్లి రెండో కంప్యూటర్లో దిగితే ట్యాలీలో ఆ కంపెనీ లెక్కలు తెరుచుకోకపోవచ్చు. డేటా బయట ఉంచి, బ్యాకప్ తీసిన ఫైలును మాత్రమే సింక్ ఫోల్డర్లో వేయండి.

అయినా వాడే వాళ్లను మాత్రమే అని లాభం లేదు. ఈ మధ్య కొత్త విండోస్ కంప్యూటర్ తెరిచి మైక్రోసాఫ్ట్ ఖాతా ఇచ్చి, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ చెప్పాపెట్టకుండా క్లౌడ్‌లోకి వెళ్లి కూర్చుంటున్నాయి. పాత మెషీన్లో కూడా ఏదో అప్‌డేట్ వచ్చిన మర్నాడు 'మీ ఫైళ్లను కాపాడుకోండి' అని ఒక నీలం బటన్ పెద్దగా, 'వద్దు' అనేది మూల బూడిద రంగులో చిన్నగా. నొక్కితే వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చిన 5 జీబీ వారంలో నిండిపోతుంది, అప్పుడు చోటు కొనుక్కోమని ఎర్ర గుర్తు. ఇంట్లోకి వచ్చి మన సామాను వాళ్ల గోడౌన్‌కు మార్చి, ఆనక అద్దె అడిగినట్టుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆపితే ఇంకో వేడుక, డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించవచ్చు. గుండె ఆగినంత పనవుతుంది గానీ ఫైళ్లు క్లౌడ్ ఫోల్డర్లోనే భద్రంగా ఉంటాయి, అక్కడి నుంచి మనమే వెనక్కి తెచ్చుకోవాలి.

ఇప్పుడు ఆ తెర ఫొటో. అకౌంటెంట్ గారూ, మీరు మాయమైన ఫోల్డర్ల కోసం పంపారు, నా కన్ను మాత్రం కుడి పక్క పై మూలనున్న ఒక ఎక్సెల్ మీద పడింది. పేరు 'క్లయింట్ పాస్‌వర్డ్స్ న్యూ ఫైనల్ 2'. దాని కింద ఆధార్, పాన్ జెరాక్సుల ఫోల్డర్. రెంటి మీదా ఆకుపచ్చ టిక్కు, అంటే అవి సింక్‌లో ఉన్నాయి, అదే ఖాతా ఉన్న మీ ఇంటి ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటాయి. అదే ఉత్తరంలో మీరే రాశారు, సాయంత్రం ఆ ల్యాప్‌టాప్ మీ అబ్బాయి దగ్గర ఉంటుందని, డబ్బు కట్టకుండా ఆటలు ఎక్కడెక్కడి నుంచో దించుకుంటాడని.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. అట్లాంటి క్రాక్ ఆటల్లో కొన్ని ఆటతో పాటు ఇంకోటి కూడా మోసుకొస్తాయి. ఒక రకం ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. తాళం పడ్డ ఫైలు కూడా మారిన ఫైలే కాబట్టి సింక్ దాన్ని బుద్ధిగా పైకి ఎక్కించి మీ ఆఫీసు కంప్యూటర్లో దించుతుంది. దీనికి కొంత దారి ఉంది, పాత వెర్షన్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో మీరు ఎక్కించిన ఫైలు పాత వెర్షన్లు 30 రోజులు గానీ, 100 వెర్షన్లు గానీ నిలుస్తాయి. రెండో రకం శబ్దం చేయదు. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయి ఉన్నారని వెబ్‌సైటుకు చెప్పే చీటీల్లాంటి సెషన్ కుకీలు పట్టుకుని పోతుంది. ఆ కుకీ చేతికొస్తే దొంగకు మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, మీరు ముందే లోపలికి వచ్చి ఉన్నారు కదా, మీ పేరుతోనే నడుస్తాడు. మీ ఆఫీసుకు ఎన్ని తాళాలు వేసినా, దొంగ లోపలికి వచ్చే దారి ఇంట్లో హాల్లో ఉన్న ల్యాప్‌టాప్.

కాబట్టి ఈ రాత్రికే చేయాల్సినవి. ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా మీ ఫోన్ నుంచి ఖాతా సెక్యూరిటీలోకి వెళ్లి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టండి. క్లయింట్ల పాస్‌వర్డ్‌లు పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి, అంటే వాటిని తాళం వేసి దాచే యాప్‌లోకి మార్చండి, అంత ఓపిక లేకపోతే కనీసం ఎక్సెల్‌లోనే ఆ ఫైలుకు ఒక పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేయండి, ఆ ఒక్క పాస్‌వర్డ్ మాత్రం మర్చిపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లూ తెరవలేరు. ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించాక మీ ఖాతా మళ్లీ దాంట్లో వేయకండి. సింక్‌ను 'అన్‌లింక్' చేస్తే చాలనుకోవద్దు, అది కొత్తవి రాకుండా ఆపుతుందే గానీ అప్పటికే దిగిన ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి.

ఇంటి నుంచి పని తప్పదంటే సెకండ్ హ్యాండ్‌దైనా సరే మీకంటూ ఒకటి కొనుక్కోండి, దానికి మీరు మాత్రమే తెలిసిన పిన్ పెట్టుకోండి. అబ్బాయిని మాత్రం తిట్టకండి, మీ లాగిన్‌లో కూర్చోబెట్టింది మీరే. ఆ తెర ఫొటో నా ఫోన్లోంచి తీసేశాను, మీరు పంపిన చాట్‌లోంచి కూడా తీసేయండి.